గాలిమోటరులో నేను వేసిన అతుకు

సూర్యాపేటలో పాత బస్టాండు దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు, మైకుసెట్ల యాంప్లిఫయర్లు బాగు చేశాను. ఇప్పుడు ఆ దుకాణం లేదు. అదే మడిగెలో బేకరీ నడుస్తోంది. దాని ముందు నుంచి పోతుంటే కేకుల వాసన వస్తుంది. నా ముక్కు మాత్రం ఇంకా తీగలు అతికే లెడ్డు కాలిన వాసన కోసమే వెతుక్కుంటుంది.

ఈ మధ్య సెల్‌ఫోన్లు, ఇన్వర్టర్లు బాగు చేయడం నేర్చుకుంటున్న కొందరు కనిపించినప్పుడు, మీ కాలంలో పని ఎట్లా ఉండేదని అడుగుతున్నారు. దుకాణం ఎప్పుడు పెట్టాను, ఎన్ని సెట్లు చేశాను అన్నది వాళ్ళకు పనికొచ్చే సంగతి కాదు. ఒకటి మాత్రం చెప్పాలి. సర్క్యూట్ తెలిస్తే ఈ పని వచ్చినట్టేనని అందరూ అనుకుంటారు. సర్క్యూట్ రెండేళ్ళలో వస్తుంది. సెట్టును తెరిచి, పని చేసి, మూత పెట్టి మరలు బిగించేటప్పుడు లోపల ఏముందో నీకొక్కడికే తెలుస్తుంది. బయటివాళ్ళు చూడలేరు, చూసినా వాళ్ళకు అర్థం కాదు. ఆ చీకట్లో నువ్వు ఎట్లాంటి మనిషివి అన్నదే అసలు పని. అందులో నేను ఒకసారి తప్పాను. దాని గురించే ఇది రాస్తున్నాను.

రహీం సాబు దగ్గర

మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. మా నాయన మంద వెంట పోతూ భుజానికి రేడియో తగిలించుకునేవాడు. ఆ రేడియో చెడిపోతే మిర్యాలగూడ తీసుకుపోయి రహీం సాబు దగ్గర ఇచ్చేవాళ్ళం. ఇంటర్ తప్పిన తర్వాత నన్ను కూడా అక్కడే ఇచ్చేసి వచ్చాడని మా అమ్మ నవ్వుతూ చెప్పేది.

రహీం సాబు దుకాణం రైసుమిల్లుల దారిలో ఉండేది. మిర్యాలగూడ రేడియో విప్పితే ముందు తౌడు రాలేది. మొదటి ఆరు నెలలు ఆయన నాతో ఆ తౌడు దులిపించడం తప్ప ఇంకో పని చేయించలేదు. నోరు మంచిది కాదు. గిరాకీ వచ్చినవాణ్ణి కూడా కసురుకునేవాడు. వారంలో ఇస్తానన్నది నెల దాకా ఇచ్చేవాడు కాదు. మెచ్చుకోవడం ఆయనకు తెలియదు. ఈ గుణాలు మీరు నేర్చుకోవద్దు.

నేర్చుకోవలసింది వేరే ఉంది. అతుకు వేయడం నేర్పిన రోజున ఆయన ఒక పాత తీగ నా చేతిలో పెట్టాడు.

"తీగ నల్లగుంటే లెడ్డు పట్టదు బేటా. పైపైన పట్టినట్టు కనవడతది, గంతే. ఎర్రగ కనవడేదాంక గీకు. కనవడకపోతే కోసి పారేయ్, కొత్తది వెయ్."

ఒకసారి హాలియా రైతు ఒకాయన రేడియో బాగు చేయించుకుని పోయాడు. మర్నాడు పొద్దున రహీం సాబు, అంటే మా ఉస్తాద్, దుకాణానికి వస్తూనే, నిన్నటి రేడియోలో ఒక అతుకు మీద అనుమానంగా ఉంది, పోదాం పద అన్నాడు. ఇద్దరం బస్సెక్కి హాలియా పోయాం. ఆ రైతు ఇల్లు వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. రేడియో చక్కగా పాడుతోంది. ఉస్తాద్ దాన్ని ఆపించి, విప్పి, ఆ అతుకును గట్టిగా లాగి చూశాడు. రాలేదు. మళ్ళీ మూత బిగించి ఇచ్చేశాడు. తిరుగు బస్సులో నాకు నవ్వాగలేదు.

"మంచిగనే ఉండె గద ఉస్తాద్. ఉత్తగ వచ్చినం."

"మంచిగున్నదని గిప్పుడు తెల్సింది. పొద్దుగాల తెల్వదు," అని ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

నేను సూర్యాపేటలో సొంత దుకాణం పెట్టుకున్న నాలుగైదేళ్ళకు ఆయన పోయాడు.

కోదాడ నుంచి వచ్చిన పెట్టె

రెండు వేల ఒకటిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకాయన పొడుగాటి అట్టపెట్టె పట్టుకుని దుకాణానికి వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. పేరు దేవసహాయం. కోదాడలో హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి అప్పుడే రిటైరయ్యారు.

పెట్టెలో విమానం ఉంది. ఆడుకునేది కాదు, ఎగిరేది. రెక్కలు విప్పితే నా నిలువంత పొడవు. దూదిలాంటి తేలికైన బాల్సా చెక్కతో ఎముకల గూడు కట్టి, దాని మీద పల్చని గుడ్డ అంటించి పసుపు రంగు వేశారు. ముక్కు దగ్గర పిడికిలంత ఇంజను. దాంతో పాటు ఒక ఇనుప డబ్బా, డబ్బా మీద రెండు చిన్న కర్రలు, బయటికి లాగితే మనిషెత్తు వచ్చే యాంటెనా. ఆ డబ్బాతో నేల మీద నిలబడి విమానాన్ని నడుపుతారు.

మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని తన చేతులతో కట్టుకున్నారట. సాగర్ దగ్గర పనిచేసిన ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ ఇంజనూ రేడియోసెట్టూ ఆయనకిచ్చి పోయాడట. కొన్నేళ్ళు ఎగరేశారు. తర్వాత రేడియో చెడింది. బాగుచేసేవాడు దొరకలేదు. దుప్పటి చుట్టి అటక మీద పెడితే ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

"చెక్క పని, గుడ్డ పని నేను చూసుకుంటాను. రేడియో నువ్వు బతికిస్తావా?" అన్నారు.

"ఎన్నడూ ముట్టలేదు సార్. జర టైమిస్తే సూస్త."

ఆ నెల రోజులు నాకింకా గుర్తే. విమానంలో ఉండే చిన్న రేడియోను, తోకను కదిలించే బుల్లి మోటార్లను ఒక్కొక్కటే విప్పి శుభ్రం చేశాను. ఎవరూ నేర్పని పని ఒంటరిగా చేసుకుపోతుంటే అన్నం కూడా గుర్తుండేది కాదు. మొదటిసారి కర్ర కదిపితే బల్ల అవతల మోటారు కిర్రుమని తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

మిగిలింది విమానంలోని బ్యాటరీ తీగ. పాత బ్యాటరీ కారి, ఆ విషం తీగలోకి ఎక్కింది. పైతొడుగు ఒలిచి చూస్తే రాగి నల్లగా ఉంది. ఇంకొంచెం ఒలిచాను, నలుపే. స్విచ్చు దాకా అంతా నలుపే. అంత సన్నటి మెత్తటి తీగ నా దగ్గర లేదు. హైదరాబాదు నుంచి తెప్పించాలి. మాస్టారు మర్నాడే వస్తానన్నారు. పెళ్ళిళ్ళ కాలం కావడంతో బయట ఆరు యాంప్లిఫయర్లు వరసలో ఉన్నాయి. బ్లేడుతో నాలుగు గీకులు గీకి, లెడ్డు అంటుకునే పేస్టు దండిగా పూసి, సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించి లెడ్డు ముద్ద పెట్టాను. తళతళ మెరిసింది. మెల్లగా లాగి చూశాను, రాలేదు. గట్టిగా లాగితే వస్తుందేమోనన్న భయంతోనే మెల్లగా లాగానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నాలుగు శనివారాలు

కోదాడ బయట వరి కోసిన పొలాల మధ్య బండ్ల బాట ఒకటి ఉండేది. అక్కడ ఎగరేసేవాళ్ళం. శనివారం మొదటి బస్సుకు నేను పోయేవాణ్ణి. మాస్టారు స్కూటరు మీద విమానం పెట్టె కట్టుకుని వచ్చేవారు. ఆయన కూతురు రూతు అప్పుడు బీఈడీ చదువుతోంది. ఇంజను మొదలయ్యేటప్పుడు విమానం ఉరకకుండా తోక పట్టుకునేది ఆమే.

కూలికి పోయే ఆడవాళ్ళు గట్టు మీద ఆగి చూసేవాళ్ళు. "గాలిమోటర్ సూడుండ్రే, తీగ లేదు ఏం లేదు" అనేవాళ్ళు. ఇంజనులో పోసేది మిథనాల్ స్పిరిట్టు, ఆముదం కలిపిన నూనె. విమానం పైకి పోయాక కూడా ఆ కాలిన ఆముదం వాసన కాసేపు బాట మీద నిలిచి ఉండేది.

నేల మీద మాస్టారు ముక్కుసూటి మనిషి. మాట తూచినట్టు మాట్లాడతారు. విమానం లేచిన తర్వాత వేరే మనిషి. నోరు తెరిచి నవ్వుతూ, తనలో తానే మాట్లాడుకుంటూ, మెడ వెనక్కి వంచి తిరిగేవారు. "చూశావా, గాలి పట్టుకుంది. ఇప్పుడు నేను ఏమీ చేయక్కర్లేదు," అనేవారు. దిగిన తర్వాత ముగ్గురం గట్టు మీద కూర్చుని రూతు తెచ్చిన ఉప్మా తినేవాళ్ళం. నాకు అన్నలు లేరు. అట్లాంటి మనిషి పక్కన కూర్చుని తినడం బాగుండేది. జీవితంలో నాకు మళ్ళీ కావాలనిపించే రోజులు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ఆ శనివారాలు ముందుంటాయి.

నాలుగో శనివారం విమానం ఎత్తులో ఎడమకు తిరిగింది. తిరిగి, ఆ తిరుగుడులోంచి బయటికి రాలేదు.

"రావట్లేదు," అన్నారు మాస్టారు. మళ్ళీ నాతో, "రావట్లేదు సైదులూ."

ముక్కు కిందికి వాలింది. చుట్లు తిరుగుతూ వచ్చి పొలంలో పడింది. అట్టపెట్టెను కాలితో తొక్కినట్టు చప్పుడైంది. రూతు అటు పరుగెత్తింది. మాస్టారు కదలలేదు. ఆయన బొటనవేలు కర్రను ఇంకా కుడివైపుకే నెట్టి పట్టుకుని ఉంది.

"కుడికే ఇచ్చాను కదా?" అన్నారు. నన్నే అడిగారో, తనను తానే అడుక్కున్నారో తెలియదు.

ఒక్క మాట

రెక్క రెండు ముక్కలైంది. ముక్కు పగిలింది. రేడియోసెట్టు చూసి చెబుతానని నేను సూర్యాపేట తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం విప్పి బ్యాటరీ చేతిలోకి తీసుకున్నాను. తీగ దానంతటదే ఊడి వచ్చింది. లెడ్డు ముద్ద ముద్దగానే ఉంది, దాంట్లో తీగ దూరిన చిన్న బొక్క, లోపల నలుపు. ఇంజను అదురుకు వదులై, ఎత్తులో ఉన్నప్పుడు వీడిపోయింది. ఆ తర్వాత మాస్టారు కర్రను ఎటు తిప్పినా వినేది ఎవరూ లేరు.

మర్నాడు హైదరాబాదు పోయే మనిషితో సన్న తీగ తెప్పించాను. పాతది మొత్తం తీసేసి కొత్తది వేశాను. సోమవారం మాస్టారు వచ్చారు. దుకాణంలో ముగ్గురు గిరాకీలు కూర్చుని ఉన్నారు.

"రేడియో ఎలా ఉంది?"

నేను స్విచ్చు వేసి కర్ర కదిపాను. మోటార్లన్నీ చెప్పినట్టు తిరిగాయి.

"రేడియో మంచిగనే ఉన్నది సార్," అన్నాను.

ఆ నిమిషానికి అది అబద్ధం కూడా కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది.

మాస్టారు తన కుడిచేయి తిప్పి అరచేతి వైపు చూసుకున్నారు. "అయితే నాదేనన్నమాట," అన్నారు. పెట్టె తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయారు.

అట్లా ఎందుకు చెప్పానంటే పెద్ద కారణం లేదు. ముగ్గురు వింటున్నారు. ఇరవై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు. ఒక ఆటవస్తువే కదా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. పనిలోకి వస్తున్నవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించండి. తప్పు చేయని మెకానిక్ లేడు. నల్ల తీగ మీద అతుకు వేయడం తప్పే, కాని అది దిద్దుకోగలిగిన తప్పు. యంత్రం బాగుందని మనం అబద్ధం చెబితే ఆ తప్పు గాల్లో కలిసిపోదు. యంత్రం వాడిన మనిషి మీదికి పోతుంది. దాన్ని మోస్తున్నానని అతనికి తెలియదు కూడా.

చర్చి యాంప్లిఫయర్

మాస్టారు మళ్ళీ రాలేదు. నేనూ పోలేదు. పండక్కొకసారి ఫోన్ చేద్దామనుకుని మానేసేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. రేడియోలు పోయాయి, టేపులు పోయాయి, లావు టీవీలు కూడా పోతున్నాయి. హైవే వెడల్పయింది. నా దుకాణంలో మైకుసెట్లే మిగిలాయి.

రెండు వేల పన్నెండులో ఒక మధ్యాహ్నం రూతు వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. సూర్యాపేటలోనే హైస్కూల్లో టీచరుగా చేస్తోందట, కోదాడ నుంచి రోజూ బస్సుకు వచ్చిపోతోందట. వాళ్ళ చర్చి యాంప్లిఫయర్ గురగురమంటోందని తెచ్చింది. నేను మూత విప్పుతూ అడిగాను.

"సార్ మంచిగున్నరా అమ్మా?"

"ఉన్నారన్నా. బయటికి పెద్దగా రారు."

"ఏమైంది, పాణం బాగుంటలేదా?"

"జబ్బేం లేదు. మీకు తెలుసు కదా, ఆ విమానం పడిపోయిందే, అప్పటి నుంచి అంతే. నా చెయ్యి నా మాట వినట్లేదు అంటారు. ఆ నెలలోనే స్కూటర్ అమ్మేశారు. గడ్డం కూడా తను గీసుకోరు, మంగలాయన ఇంటికొస్తాడు." ఆమె చెప్పడం మామూలుగానే చెబుతోంది. ఇంట్లో అలవాటైపోయిన సంగతి లాగా. "మా బాబు పుట్టినప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోలేదన్నా. జారవిడుస్తానేమో, వద్దమ్మా అన్నారు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టించుకున్నారు."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"డాక్టర్‌కు సూపెట్టలేదా?"

"చూపించాం. చెయ్యి బాగానే ఉందన్నారు. ఈయన నమ్మితేగా. ఆ రోజు కుడికే తిప్పాననుకున్నాను, ఎడమకు తిప్పాను, డాక్టర్‌కి అది తెలియదు కదా అంటారు."

ఆమె పోయాక దుకాణం మూసేశాను. అప్పుడింకా మూడు కూడా కాలేదు.

కోదాడకు పోయిన రోజు

ఆదివారం చర్చి అయిపోయే వేళకు వాళ్ళింటికి పోయాను. మాస్టారు వసారాలో కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. ఒక కంటికి శుక్లం తీశారట, నల్లద్దాలు పెట్టుకున్నారు. నన్ను చూసి సంతోషంగా లేవబోయారు. ఆ సంతోషం చూసి నాకు తిరిగి పోదామనిపించింది.

కూర్చోకుండానే చెప్పాను. "సార్, ఆనాడు విమానం మీ చెయ్యి వల్ల పడలే. నేనేసిన అతుకు ఊడింది."

లేవబోయిన ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత క్లాసులో అడిగినట్టు అడగడం మొదలుపెట్టారు.

"ఏ అతుకు?"

"బ్యాటరీ తీగది సార్."

"తీగ ఏ రంగులో ఉంది?"

"నల్లగ ఉండె. మొత్తం మార్చాలె. నేను మార్చలే."

"నల్లగా ఉందని అతుకు వేసేటప్పుడే తెలుసా?"

"తెలుసు సార్."

"ఊడిందని ఎప్పుడు తెలిసింది?"

"పడ్డనాటి సాయంత్రమే."

ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు. "సోమవారం నేను నీ దుకాణానికి వచ్చాను. రేడియో ఎలా ఉందని అడిగాను. నా ముఖం చూసి చెప్పావు."

"అవును సార్."

రూతు లోపలి నుంచి టీ తెచ్చింది. మాస్టారు ఆమె వైపు చూడకుండా, "సైదులు వెళ్తున్నాడమ్మా," అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. నేను గేటు వేసి రోడ్డు మీదికి వచ్చేదాకా ఆమె ఆ కప్పు పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.

నిజం చెబితే గుండె తేలికవుతుందని అంటారు. నాకు కాలేదు. నేను మోసింది తీసుకుపోయి ఆయన ముందు పడేసి వచ్చినట్టుంది. అయినా చెప్పాల్సిందే. ఆలస్యమైంది కాబట్టి ఇంక చెప్పి లాభమేముంది అనుకునేవాళ్ళకు నా మాట ఇదే. ఆలస్యమైంది కాబట్టే చెప్పాలి.

పక్కన కుర్చీ

రెండు నెలల తర్వాత ఒక గురువారం ఆటో వచ్చి దుకాణం ముందు ఆగింది. రూతు దిగింది, ఆమె వెనక మాస్టారు, ఆ వెనక పొడుగాటి అట్టపెట్టె.

"రూతు రోజూ వచ్చే బస్సులోనే వచ్చాను. సాయంత్రం మళ్ళీ తనతోనే వెళ్తాను," అన్నారు మాస్టారు. "దీన్ని బాగు చెయ్యి. నేను పక్కన కూర్చుని చూస్తాను."

కుర్చీ వేశాను. ఆ రోజు నుంచి వారానికి ఒక రోజు, కొన్ని వారాలు రెండు రోజులు, ఆయన వచ్చి కూర్చునేవారు. మొదట్లో పని మాట తప్ప ఇంకో మాట లేదు. నేను తీగ ఒలిస్తే చూపించమనేవారు. ఎర్రగా కనిపించేదాకా తలూపేవారు కాదు. అతుకు వేశాక ఆయనే పట్టుకుని లాగేవారు. ఊడుతుందేమోనని మెల్లగా కాదు, ఊడదీయడానికే లాగేవారు. ఒక్కటీ ఊడలేదు.

కొత్త రేడియోసెట్టు కొందామని నేను ఒకసారి అన్నాను. ఇప్పుడు వచ్చేవి చిన్నవి, మంచివి, పక్క సిగ్నళ్ళు సోకవు. ఆయన ఒప్పుకోలేదు.

"ఈ డబ్బాతోనే నాకు అనుమానం వచ్చింది. ఈ డబ్బాతోనే పోవాలి."

పనివాడిగా అడిగితే, ఆయన చేసింది మొండితనమేనని నేను ఇప్పటికీ అంటాను. కాని అందులోని ప్రతి భాగాన్ని మళ్ళీ విప్పి, అనుమానమున్నదల్లా మార్చి ఇచ్చాను. సెట్టు ఎంత దూరం అందుతుందో చూడటానికి యాంటెనా లోపలికి నొక్కి, డబ్బా పట్టుకుని నేను వీధిలో నడుచుకుంటూ పోయేవాణ్ణి. మాస్టారు దుకాణం మెట్టు మీద విమానం దగ్గర కూర్చుని, తోక కదిలినప్పుడల్లా చెయ్యెత్తేవారు. ఆటో స్టాండు దాటి పండ్ల బండ్ల దాకా పోయినా ఆయన చెయ్యి లేస్తూనే ఉండేది. ఆటోవాళ్ళు నన్ను చూసి, సైదులన్నకు పిచ్చి లేసిందని అనుకున్నారు.

రెక్కలోపలి చెక్కలు పదకొండు విరిగిపోయాయి. బాల్సా చెక్క రూతు హైదరాబాదు నుంచి తెప్పించింది. బ్లేడుతో వంపు తేలేట్టు కోయాలి. నాకు కుదరలేదు, రెండు పాడుచేశాను. మూడోది కోయబోతుంటే మాస్టారు విసుగ్గా, "ఇటివ్వు," అని బ్లేడు లాక్కున్నారు. ఒక్క ఊపులో, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశారు. కోసిన తర్వాత తానేం చేశారో అప్పుడు గమనించుకున్నట్టుంది. బ్లేడు బల్ల మీద పెట్టేసి చేయి ఒళ్ళో దాచుకున్నారు. మిగిలిన చెక్కలు ఆయన ముందుకు జరిపాను. అరగంట గడిచాక ఒకటి తీసుకున్నారు. ఆ రోజు బస్సు వేళకు అన్నీ అయిపోయాయి.

తర్వాత గుడ్డ అంటించి, చెక్కసామాను మీద పూసే లక్కరు పల్చగా పూసి, పసుపు రంగు వేశాం. రంగు ఆరుతుంటే ఆయన మొదటిసారి నన్ను ఇంటి సంగతులడిగారు. మా నాయన గురించి, గొర్ల గురించి. నేను చెబుతూ పోయాను. పోయిన దోస్తానా తిరిగొచ్చిందని నేననను. పాత శనివారాల్లాగా కాదు. కాని మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా విప్పితే అందులో ఇద్దరికి సరిపడా ఉండేది.

ప్లాట్ల మధ్య రోడ్డు

పాత బండ్ల బాట ఇప్పుడు లేదు. ఆ పొలాలన్నీ ప్లాట్లు చేసి, రాళ్ళు పాతి, ఎర్రమొరం రోడ్లు పోసి వదిలేశారు. ఇళ్ళేవీ లేవలేదు. విమానానికి అంతకంటే మంచి దారి దొరకదు.

రెండు వేల పద్నాలుగు, ఫిబ్రవరి. మొదటిసారి పోయిన రోజు ఎగరలేదు. ఇంజను మొదలైంది, రూతు తోక పట్టుకుంది, మాస్టారు డబ్బా మెడకు తగిలించుకుని నిలబడ్డారు. నూనె అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డారు. ఇంజను ఆగిపోయాక, "ఇవాళ వద్దులే," అన్నారు. పెట్టె సర్దుకుని వచ్చేశాం.

వారం తర్వాత మళ్ళీ పోయాం. ఈసారి ఆయన ఎక్కువసేపు నిలబడలేదు. "వదులమ్మా," అన్నారు.

రూతు వదిలింది. విమానం మొరం మీద ఎగిరెగిరి పరుగెత్తి, తోక లేపి, నేల విడిచింది. నేను పైకి చూడలేదు. ఆయన బొటనవేళ్ళనే చూస్తున్నాను. ఇంజను శబ్దం పైకి పోయింది, దూరమైంది, గుండ్రంగా తిరిగి వచ్చింది. వేళ్ళు అణువంత కదులుతున్నాయి, ఆగుతున్నాయి. వణుకు లేదు.

"ఎడమకు తిప్పుతున్నాను," అన్నారు ఆయన.

అప్పుడు తలెత్తాను. పసుపు రెక్క ఎడమకు వాలింది. ఇంకా వాలింది. ఆయన వేలు కుడికి కదిలింది. రెక్క మెల్లగా పైకి లేచి సమానమై, తిన్నగా మా మీదుగా సాగిపోయింది. మళ్ళీ ఎడమకు తిప్పారు. మళ్ళీ సరిచేశారు. ఎన్నిసార్లు చేశారో లెక్కపెట్టలేదు. అదే తిరుగుడు, అదే సర్దుబాటు.

దించేటప్పుడు ఒకసారి ఎగిరిపడి, ప్లాటు రాయికి మూరెడు దూరంలో ఆగింది. ఇంజను ఆరిపోయాక గాలి చప్పుడు వినిపించింది. మాస్టారు డబ్బా మెడలోంచి తీసి నాకిచ్చారు. కుడిచేయి పైకెత్తి, వేళ్ళు చాపి, మూసి, మళ్ళీ చాపి చూసుకున్నారు.

"చెయ్యి బాగానే ఉందయ్యా సైదులూ," అన్నారు. మళ్ళీ, నా వైపు చూడకుండా, "ఇన్నేళ్ళూ బాగానే ఉంది," అన్నారు.

మొదటి మాటలో ఎంత సంతోషం ఉందో రెండో మాట నాకంత లోతుగా దిగింది. తప్పయిందని అనడానికి నోరు రాలేదు. అంటే అది నా కోసమే అన్నట్టవుతుంది. ఆయన నా దగ్గరి నుంచి ఏ మాటా కోరలేదు కూడా. క్షమించానని ఆ రోజు అనలేదు, తర్వాత కూడా అనలేదు. ఆ తర్వాత ఆయన ఎగరేసింది ఒక్క వేసవే. రెండో కన్నూ మసకబారింది, పై ఏడాది ఆయన లేరు. నేను ఆ ఒక్క వేసవిని తలుచుకోవడం మానేసి, దానికి ముందు పోయిన పన్నెండు వేసవులను లెక్కించుకునే రోజులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ పొద్దున మాత్రం ఆయన విమానం దగ్గరికి నడిచిపోయి, దాన్ని రెండు చేతులా ఎత్తి రోడ్డు మొదటికి తెచ్చి పెట్టారు.

"నూనె ఇంకా ఉందా?" అన్నారు.

"ఉన్నది సార్. సీసకు సగం."

"పొయ్యి."

పోశాను. ఆకాశం కేసి చూడలేనంత ఎండ ఎక్కేదాకా, సీసాలో ఆఖరి చుక్క అయిపోయేదాకా ఆయన ఎగరేస్తూనే ఉన్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.